వేళ్ళు వింటున్నాయి

జూన్ 4

అక్కా,

ఎలా ఉన్నావు? నేను బాగానే ఉన్నాను, కాళ్ళే బాగా లేవు. మొన్న ఫోన్ చేస్తే మళ్ళీ నువ్వు ఎత్తలేదు. ఎత్తిన రోజున కూడా "లైను బాలేదు, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. ప్రపంచంలో అందరి లైన్లూ బాగుపడ్డాయి, మీ ఇంటిది తప్ప. సరే, రాస్తున్నాను. నలభై మూడేళ్ళ విద్యార్థిని చేతిరాత ఎలా ఉందో చూసి నువ్వే మార్కులు వెయ్యి.

కిందటిసారి కలిసినప్పుడు ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటని అడిగావు. ఏదైనా కంపెనీలో ఎనిమిది వారాలు పనిచేసి, నేర్చుకున్నదంతా రిపోర్టు రాసి, వాళ్ళ సంతకంతో సర్టిఫికెట్ తెచ్చి కాలేజీలో ఇవ్వాలి. అది లేకపోతే డిగ్రీ లేదు. మా మార్కెటింగ్ క్లాసులో నలభై రెండు మందిమి ఉంటే నలభై ఒక్కరికి దొరికింది. మిగిలిన ఆ ఒక్కరూ ఎవరో నీకు వేరే చెప్పక్కర్లేదు.

పందొమ్మిది చోట్లకు తిరిగాను. చెప్పుల కంపెనీలో రిసెప్షన్ అమ్మాయి నన్ను సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "మీ అమ్మాయి లోపలికి వెళ్ళిందా ఆంటీ?" అంది. ఇంటర్వ్యూ నాకేనని చెప్పడానికి సిగ్గేసి, ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బయటికి వచ్చేశాను. ఇంకో ఆఫీసులో ఒకతను నా కాగితాలు తిరగేసి "ఈ ఇరవై మూడేళ్ళు ఏం చేశారు?" అన్నాడు. ఇల్లు చూసుకున్నానన్నాను. అతను పెన్ను తీసి అక్కడ ఒక గీత గీశాడు. ఇరవై మూడేళ్ళకూ కలిపి ఒక్క గీత అక్కా.

ఇంటికొచ్చి మానేస్తానని మీ మరిదితో అంటే ఆయన పేపరు దించకుండానే "నీ ఇష్టం" అన్నారు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నన్ను చదివించడానికి నువ్వు పదిహేడో ఏట పింగాణీ ఫ్యాక్టరీలో చేరావు. నేనేమో డిగ్రీ రెండో ఏడాదిలోనే పెళ్ళి చేసుకుని పుస్తకాలు అటకెక్కించాను. నువ్వు ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఇన్నేళ్ళుగా నీ ఎదురుగా కూర్చున్నప్పుడల్లా నాకు తప్పు చేసినదానిలాగే ఉంటుంది. అందుకే మర్నాడు ఇరవయ్యో చోటికి వెళ్ళాను.

అది చెవి మిషన్లు అమ్మే కంపెనీ. మెట్లెక్కితే మూడు గదులు, గోడలకి పెద్ద పెద్ద చెవుల బొమ్మలు. నా వంతు కోసం కూర్చుని ఉండగా కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన, అక్కడున్న కుర్రాడు ఎంత అరిచినా అర్థం కాక తికమక పడుతున్నాడు. నేను లేచి ఆయన ముందుకు వెళ్ళి, మొహం ఆయన వైపు పెట్టి, అరవకుండా నిదానంగా చెప్పాను. ఆయనకి ఒక్కసారికే అర్థమైంది. లోపలి గదిలోంచి ఒకమ్మాయి ఇదంతా చూసింది. ఆవిడే మేనేజరట, ఇరవై ఆరేళ్ళుంటాయేమో, నేను బాసమ్మ అని పేరు పెట్టుకున్నాను. "ఇలా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నారు?" అంది. "ఎక్కడా లేదు. మా అక్క ఎప్పుడూ 'ఇటు తిరిగి చెప్పవే' అంటుంది, అలా అలవాటైపోయింది" అన్నాను. నా వైపు కొంచెం వింతగా చూసి, సోమవారం నుంచి రమ్మంది.

దొరికిందే అక్కా! ఉత్తరం మొదట్లోనే చెప్పాల్సింది, కానీ నువ్వు కాసేపు కంగారుపడాలని దాచాను.

కోడలిని, పాపను అడిగానని చెప్పు.

నీ పొట్టి

⁂

జూన్ 11

పొట్టీ,

ఆ గీత గీసినవాడు నాకు దొరికితే వాడి నెత్తి మీద ఒక సాసరు పగలగొడతాను. రెండో రకం సాసరు. మంచిది వాడికెందుకు దండగ.

నీ ఉత్తరం కోడలు విప్పి, నా కళ్ళద్దాలు కూడా తెచ్చి చేతికిచ్చింది. చివరికొచ్చేసరికి ఎంత గట్టిగా నవ్వానంటే పాప నిద్ర లేచింది. చదువు మధ్యలో మానేశావని నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదే. నువ్వే లెక్కపెట్టుకుంటున్నావు. నాకు కోపం వచ్చిన మాట నిజం, అది రెండేళ్ళలో పోయింది. చెప్పకపోవడం నా తప్పు.

మీ బాసమ్మ ఎందుకు వింతగా చూసిందో నాకు తెలుసు. నీకే తెలియదు. నువ్వు ఆ కంపెనీలోనే చేరావు గనక ఇక దాచి లాభం లేదు. మా ఇంటి లైను బాగానే ఉంది పొట్టీ. నాకు వినపడటం లేదు.

రెండేళ్ళ కిందట మొదలైంది. మొదట పిట్టలు పోయాయి, తర్వాత ఫోన్లో మాటలు పోయాయి. ఎదురుగా ఉంటే పెదాలు చూసి అల్లుకుపోతాను. కోడలు ఒకసారి వంటింట్లోకి వచ్చి చూస్తే కుక్కరు ఆపకుండా కూతలు పెడుతోంది, నేను పక్కనే నిలబడి కూరలు తరుగుతున్నాను. ఆ అమ్మాయికి అప్పుడే అర్థమైంది. ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి వెనక నుంచి పిలవడం మానేసి, ముందుకొచ్చి భుజం తట్టి మాట్లాడుతోంది. మావాడికి కూడా చెప్పలేదు. మావాడికి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే.

ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు, తెలియకూడదు. నా పని నీకు తెలుసుగా. బట్టీలోంచి వచ్చిన ప్రతి కప్పునూ ఎడమ చేత్తో పట్టుకుని చెక్కపుల్లతో అంచు మీద తట్టాలి. మంచిదైతే ఖంగుమంటుంది, వెంట్రుకంత బీట ఉన్నా మొద్దుగా పలుకుతుంది. చెవి లేకపోతే చెకింగ్ బల్ల దగ్గర కూర్చోనివ్వరు. ఆ ఖంగుమనడం వినపడని మొదటి రోజు నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. మర్నాడు ఒకటి కనిపెట్టాను. మంచి కప్పు తడితే ఆ అదురు నా ఎడమచేతి వేళ్ళలో కాసేపు నిలుస్తుంది. బీటది పుట్టగానే ఆగిపోతుంది. చెవులు మానేసిన పని వేళ్ళు అందుకున్నాయే. ఇప్పుడు నా వేళ్ళే వింటున్నాయి. రెండేళ్ళుగా నా బల్ల మీంచి వెళ్ళిన పెట్టెల్లో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. అయినా రోజూ దొంగలాగే పనిలోకి వెళ్తున్నాను.

మిషను పెట్టుకోమంటావని తెలుసు. పెట్టుకుంటే అందరికీ కనపడుతుంది. ఈ సంగతి నీకూ, కోడలికీ తప్ప ఎవరికీ తెలియదు. మీ ఆయనకి కూడా చెప్పకు.

బాగా పనిచెయ్యి. ఆ బాసమ్మ వయసు చూసి తేలిగ్గా తీసుకోకు.

అక్క

⁂

జూన్ 25

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనిషిని కాలేకపోయాను. రెండేళ్ళుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఎన్ని మాటలన్నాను! క్షమించు. మిషను గురించి ఇప్పుడే గొడవ చెయ్యను. కానీ చేస్తాను, గుర్తుంచుకో.

ఇక్కడి సంగతులు రాస్తాను. మొదటి వారం నాకు పనేమీ ఇవ్వలేదు. వచ్చేపోయేవాళ్ళను చూసి రాసుకోమంది బాసమ్మ. రాశాను. ఆ వారం నూట పన్నెండు మంది వచ్చారు, వాళ్ళలో ఒంటరిగా వచ్చినవాళ్ళు నలుగురే. మిగతావాళ్ళందరి వెనకా ఒక కూతురో, భార్యో, మనవడో ఉన్నారు. ముందు అడుగుపెట్టి మాట్లాడేది వాళ్ళే. మిషను కొనేది వినపడనివాళ్ళు కాదు, అరిచి అరిచి అలిసిపోయినవాళ్ళు అని నా నోట్సులో రాసుకున్నాను. బాసమ్మ ఆ వాక్యం కింద గీత గీసింది. ఇది మంచి గీత.

రెండో వారం కరపత్రాల పని. మా పాత కరపత్రం మీద తెల్లజుట్టు దంపతులు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతుంటారు, కింద "అత్యాధునిక సాంకేతికత" అని ఉంటుంది. బస్టాపులో నిలబడి పంచి, ఎవరు ఎంత దూరంలో పారేస్తున్నారో అడుగులు కొలిచాను. పదకొండో అడుగు దాటినవాళ్ళు తక్కువ. ఒకావిడ మాత్రం మడిచి పర్సులో పెట్టుకుంది. సంతోషపడేలోపే దాన్ని తీసి పిల్లాడి ముక్కు తుడిచింది.

"జనం మిషను గురించి చదవరు, మనిషి గురించి చదువుతారు. నాకొక నిజమైన మనిషి కావాలి" అంది బాసమ్మ. మిగతా ఇంటర్న్‌లిద్దరూ ఇంటర్నెట్‌లో వెతికి ఏవో తెచ్చారు. నేనూ ఒక చిన్న ముక్క రాసిచ్చాను. చదువుతూ చదువుతూ బాసమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆఫీసు మొత్తాన్ని పిలిచి పైకి చదివి వినిపించింది. అందరూ నా వైపు తిరిగారు. అందరూ అక్కా! అది అచ్చు వేస్తారట. ఏం రాశావని అడగకు, కంపెనీ గుట్టు.

ఆ రోజు ఒక కాగితం మీద సంతకం పెడుతుంటే నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నువ్వు పెట్టేదానివి కదా, పెట్టి "నాకేం పాపం తగలదు, మంచి పనికే" అనేదానివి. ఎందుకో గుర్తొచ్చిందిలే.

నువ్వు బాగున్నావు కదా? నా మీద నీకు ఎప్పుడూ కోపం రాదు కదా?

నీ పొట్టి

⁂

జూలై 9

పొట్టీ,

ఈ ఉత్తరం నెమ్మదిగా చదువు.

మొన్న షిఫ్టు మారే టైముకి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇద్దరు మనుషులు అట్టపెట్టెతో నిలబడి అందరికీ ఒక కరపత్రం పంచారు. మీ కంపెనీదే. పైన పెద్ద అక్షరాలతో "నా వేళ్ళు వింటున్నాయి" అని ఉంది. కింద ఒకావిడ కథ. పేరు లేదు. పింగాణీ కప్పులు చెకింగ్ చేస్తుందట, చెవులు పోయాయట, ఎవరికీ చెప్పకుండా వేళ్ళతో కనిపెడుతోందట.

కాంటీన్లో ప్యాకింగ్ ఆవిడ పైకి చదివింది. నాకు వినపడలేదు, ఆవిడ పెదాలు చూసి తెలుసుకున్నాను. చదవడం అయ్యాక ఒక్కొక్కరూ నా చేతుల వైపు చూశారు. చేతులు ఒళ్ళో దాచుకున్నాను. ఈ చుట్టుపక్కల పింగాణీ ఫ్యాక్టరీ ఒకటే. చెకింగ్ బల్ల దగ్గర ఉన్నది నలుగురమే. మిగతా ముగ్గురూ నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న.

సాయంత్రానికి మేనేజరు నోటీసు పెట్టాడు. ఇరవయ్యో తారీఖున డాక్టరు వచ్చి చెకింగ్ వాళ్ళందరి చెవులూ పరీక్ష చేస్తాడు. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి నిన్న నా చేతిలోంచి కప్పు జారి పగిలింది.

ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకటి నువ్వు, రెండు కోడలు. నువ్వు నా చెల్లెలివి. కాబట్టి కోడలే అయ్యుండాలి. తను పనిచేసే మందుల షాపుకి మీ కంపెనీవాళ్ళు వస్తూ పోతూ ఉంటారట. అక్కడే ఎవరితోనో చెప్పి ఉంటుంది. రెండు రోజులుగా ఆ అమ్మాయితో మాట్లాడటం లేదు. నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఇది ఎవరు రాశారో కనుక్కుని నాకు రాయి.

నీ ఉత్తరం కోసం చూస్తుంటాను.

అక్క

⁂

జూలై 14

అక్కా,

నీ ఉత్తరం చదివి నా గుండె ఆగినంత పనైంది. నువ్వు ధైర్యంగా ఉండు. మేనేజరు మంచివాడని నువ్వే చెప్పేదానివి కదా. ముప్ఫై రెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని అంత తేలిగ్గా తీసేస్తారా?

కరపత్రాల సంగతి అడిగాను. ఇక్కడ చాలామంది రాస్తుంటారు, ఏది ఎవరు రాశారో తేలడం కష్టం. అయినా పేరు వెయ్యలేదు కదా. పేరు లేనప్పుడు అది నువ్వేనని ఎవరు మాత్రం గట్టిగా చెప్పగలరు? నువ్వు ఒప్పుకోకు.

కోడలి విషయం. చిన్నపిల్ల. షాపులో ఎవరితోనో మాటల్లో నోరు జారి ఉంటుంది. కావాలని చేసి ఉండదు. నువ్వు పెద్దదానివి, మనసులో పెట్టుకోకుండా క్షమించెయ్. మాట్లాడటం మానెయ్యకు, అదొక్కటీ నా మాట విను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఇంకా రెండు వారాలే. రిపోర్టు సగం రాశాను. మా గైడు చూసి, కాలేజీలో ఈ ఏడాది ఇదే మంచిదవుతుందేమో అన్నారు. నీకు చెప్పాలనిపించింది. చెప్పాక ఎందుకు చెప్పానా అనిపిస్తోంది.

నాకు ఒంట్లో నలతగా ఉంది, అందుకే ఎక్కువ రాయలేకపోతున్నాను.

పొట్టి

⁂

జూలై 18

పొట్టీ,

కోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది. పాపను తీసుకుని వెళ్ళింది.

నీ ఉత్తరాలు ఎప్పుడూ తనే విప్పి ఇస్తుందని నీకు తెలుసు. ఇది విప్పినప్పుడు తన మాట ఉన్న చోట కన్ను పడింది. చదివింది. నా కళ్ళద్దాలు ఉత్తరం మీద పెట్టి, లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకుంది. మావాడు ఎందుకని అడిగితే "అత్తయ్యనే అడగండి" అందట.

ఇరవయ్యో తారీఖు ఎల్లుండే. ఇంక రాయడానికి ఏమీ లేదు.

అక్క

⁂

జూలై 22

అక్కా,

రాసింది నేనే.

ఈ మాట రాయడానికి పొద్దుటి నుంచి నాలుగు కాగితాలు చింపాను. ప్రతి కాగితంలోనూ ముందు కారణాలు వచ్చాయి, తర్వాత ఈ మాట వచ్చింది. అందుకే చింపేశాను.

నీ జూన్ ఉత్తరం పక్కన పెట్టుకుని రాశాను. మూడు చోట్ల నీ వాక్యాలు అలాగే ఎత్తి రాశాను. పేరు వెయ్యకపోతే అది ఎవరిదీ కాదనుకున్నాను. ఆ ఒక్క ఫ్యాక్టరీ, ఆ ఒక్క బల్ల, ఆ ఒక్క మనిషి అని నాకు తట్టలేదు. మార్కెటింగ్ చదువుతున్నాను, నా కరపత్రం ఎవరి చేతికి వెళ్తుందో ఆలోచించలేదు. అడుగులు మాత్రం కొలిచాను.

ఇంకోటి ఉంది. అచ్చు వెయ్యాలంటే ఆ కథ ఎవరిదో వాళ్ళు ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. బాసమ్మ ఫారం ఇచ్చి పోస్టులో పంపమంది. నేను మా ఇంటి వంటింట్లో కూర్చుని నీ సంతకం పెట్టేశాను. నీ సంతకం నాకు బాగా వచ్చు. నువ్వు నాన్న సంతకం పెట్టావు కదా అని సర్దిచెప్పుకున్నాను. నువ్వు పెట్టింది నన్ను దెబ్బల నుంచి తప్పించడానికి. నేను పెట్టింది నలుగురు నా వైపు తిరిగి చూడటానికి.

పందొమ్మిది చోట్ల ఎవరూ నన్ను చూడలేదక్కా. ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళంతా చూశారు. ఆ ఒక్క నిమిషం కోసం నిన్ను అమ్ముకున్నాను.

ఇదంతా ఒక ఎత్తు, కోడలి విషయం ఒక ఎత్తు. నువ్వు తనని అనుమానిస్తున్నావని రాసినప్పుడు నాకు మొదట ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. ఇంతకంటే నీచమైన మాట నేను నా గురించి రాయలేను. ఆ పిల్లని క్షమించమని నీకు పెద్ద మనిషిలా బోధ చేశాను. ఏ తప్పు చేసిందని క్షమించాలి? నీకు వినపడదని తెలిసి రెండేళ్ళు కట్టుకున్న మొగుడికి కూడా చెప్పకుండా దాచిన పిల్ల అది. నాకు తెలిసి రెండు వారాలు దాచలేకపోయాను.

నిన్న బాసమ్మకి అంతా చెప్పాను. ఆమె వెంటనే మిగిలిన కరపత్రాలన్నీ వెనక్కి తెప్పించమని ఫోన్ చేసింది. "మీకు సర్టిఫికెట్ ఇవ్వలేను" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ కష్టమైంది. తలుపు దాకా వచ్చి, "మీ అక్కగారిని మిషను కోసం కాకుండా, మామూలుగా ఒకసారి తీసుకొస్తారా? నేను క్షమాపణ చెప్పుకోవాలి" అంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. కాలేజీలో కూడా చెప్పాను. వచ్చే టర్ములో మొదటి నుంచి చెయ్యాలి, అది కూడా ఎవరైనా తీసుకుంటే.

డాక్టరు పరీక్ష ఏమైంది? అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను. కోడలికి వేరే ఉత్తరం రాశాను. కానీ పోస్టు చెయ్యలేదు. ఉత్తరం రాసి చేసిన తప్పుకి మళ్ళీ ఉత్తరమే రాయడం నాకు సరిగ్గా అనిపించలేదు. తన ఎదురుగా నిలబడాలి. నువ్వు రమ్మంటే వస్తాను. వద్దంటే ఆ అడ్రసు ఒక్కటీ పంపు, నేనే వెళ్తాను.

నువ్వు తిట్టు. ఈసారైనా తిట్టు.

పొట్టి

⁂

జూలై 28

పొట్టీ,

ముందు అడిగినవి చెప్తాను.

డాక్టరు నా చెవులకి ఏవో గొట్టాలు పెట్టి, అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, చప్పుడు వచ్చినప్పుడల్లా చెయ్యి ఎత్తమన్నాడు. నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత మేనేజరు ఏమనుకున్నాడో, ఒక బుట్టలో అరవై కప్పులు తెప్పించి తట్టమన్నాడు. వాటిలో బీటవి ఆరు కలిపారట. నేను ఏడు తీసి పక్కన పెట్టాను. "ఒకటి తప్పు" అన్నాడు. సిరా పోసి చూసుకోమన్నాను. ఏడో దాంట్లో అడుగున సన్నటి నీలం గీత కనిపించింది. అందరూ చూశారు. అయినా నన్ను బల్ల దగ్గర ఉంచలేదు. చెకింగ్‌కి చెవి ఉండాలని కాగితం మీద రాసి ఉందట. ప్యాకింగ్‌లోకి మార్చారు. ఇప్పుడు కప్పుల మధ్య గడ్డి కూరుతున్నాను. చెవులకి మిషను పెట్టుకుని, డాక్టరు సరేనంటే మళ్ళీ బల్ల దగ్గరికి రావచ్చన్నాడు మేనేజరు. ప్యాకింగ్ ఆవిడ నా మొహంలోకి చూడలేకపోతోంది. పాపం, ఆవిడ చేసిందేముంది, చదవడం వచ్చు గనక చదివింది.

నువ్వు తిట్టమన్నావు. తిడదామనే కూర్చున్నాను. కానీ నాకు ఆ అర్హత ఉందో లేదో నువ్వే చెప్పు.

కరపత్రం చూసిన రోజే నాకు తెలుసు, అది నువ్వేనని. "నా వేళ్ళే వింటున్నాయి" అన్న మాట కోడలికి నేను ఎప్పుడూ అనలేదు. ఎవరికీ అనలేదు. అది నీకు రాస్తుంటే అప్పటికప్పుడు తట్టిన మాట. అచ్చులో నా మాట నాకే ఎదురొస్తే గుర్తుపట్టనా?

కాంటీన్లోంచి ఇంటికి వచ్చి నిన్ను కడిగేస్తూ ఉత్తరం రాసి ఉంటే సరిపోయేది. అలా చెయ్యలేదు. ముప్ఫై రెండేళ్ళుగా చేస్తున్న పనే నీతోనూ చేశాను. అనుమానం వచ్చిన కప్పుని తట్టి చూడటమే కదా నాకు తెలిసింది. కోడలి మీద నెపం పెడితే నువ్వు ఉండబట్టలేక "అయ్యో అక్కా, నేనే" అంటావని అనుకున్నాను. ఆ అమ్మాయితో రెండు రోజులుగా మాట్లాడటం లేదని రాశాను చూడు, అది అబద్ధం. ఆ ఉత్తరం రాస్తున్నంతసేపూ తను నా పక్కనే కూర్చుని పాపకి జడ వేస్తోంది. నాకు కాఫీ తెచ్చి పెట్టింది. అది తాగుతూ తన పేరు మీద అబద్ధం రాశాను.

కోడలి చేతిలో పడకూడదని మూడు రోజులు ఇంటి గేటు దగ్గర నీ ఉత్తరం కోసం చూశాను. నాలుగో రోజు పనిలో ఉండిపోయాను. నీ ఉత్తరం ఆ రోజే వచ్చింది, నేను ఇల్లు చేరేసరికి తను బట్టలు సర్దుకుంటోంది.

నువ్వు తనని దోషిని చేశావని నీకు బాధ. ముందు చేసింది నేను. నువ్వు నా మాట నమ్మినట్టు నటించావు, నేను నమ్మనిది నమ్మినట్టు రాశాను. అక్కాచెల్లెళ్ళం ఇద్దరం కలిసి, మన ఇద్దరికంటే మంచిపిల్లని ఇంట్లోంచి పంపేశాం. నువ్వు చేసిన దానికి నాకు కోపం ఉంది, చాలా ఉంది. అది పోవడానికి ఈసారి రెండేళ్ళు పడుతుందో ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. ఈసారి మాత్రం చెప్పకుండా ఉండను. నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు రోజుకి కొంచెం చెప్తాను. కానీ ముందు ఈ పని ఉంది.

నేను నిద్ర పట్టకుండా ఆలోచిస్తున్న సంగతి ఒకటి ఉంది. ఆ అమ్మాయి వెళ్ళేటప్పుడు పాపని ఎత్తుకుని గుమ్మం దగ్గర ఆగింది. వీధి వైపు తిరిగి ఏదో అంది. నాకు వెనక నుంచి తన భుజాలు కదలడమే కనపడింది. ఈ రెండేళ్ళలో ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అటు తిరిగి నాతో మాట్లాడలేదు. తిట్టిందో, వెళ్ళొస్తానని చెప్పిందో, ఒక్కసారి నన్ను ఆపండని అడిగిందో నాకు తెలియదు. మావాడిని అడిగితే తనకి గుర్తులేదంటాడు. వాడికి చెవులు ఉండీ ఏం లాభం?

ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకి రా. ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్దాం. ముందు మాట్లాడేది నేను, తర్వాత నువ్వు. నీ కాలేజీ సంగతి, ఇంటర్న్‌షిప్ సంగతి అక్కడ ఎత్తకు. ఇరవై ఒకటో చోటు తర్వాత వెతుక్కుందువు గాని, నేనూ తోడు వస్తాను. అక్కడ ఎవరైనా గీత గీస్తే చూసుకుంటాను.

వచ్చేటప్పుడు మీ బాసమ్మని అడిగి నా చెవులకి సరిపడే మిషను ఒకటి తీసుకురా. డాక్టరు ఇచ్చిన కాగితం ఇందులో పెడుతున్నాను, దాన్ని చూపిస్తే ఆమెకి తెలుస్తుందట. ఫ్యాక్టరీ కోసమని మాత్రం ఆమెతో చెప్పకు. గుమ్మంలో నిలబడి ఆ రోజు ఏమన్నావని నేను కోడలిని అడగబోతున్నాను. తను ఈసారి కూడా అటు తిరిగే చెప్తుందేమో. నాకు వినపడాలి.

అక్క